మోటరును గాలిమోటరు ఎక్కించిన ముచ్చట

సంగారెడ్డి బజారులో మా యజమానిని అందరూ షావుకారు అనేవారు. ఆ మాట చివరే కారు ఉంది కాబట్టి ఆయన కారు కొనక తప్పలేదని నేను అంటుండేవాణ్ణి, ఆయనకు వినపడనంత దూరంలో. జొన్నలు, కందులు, బెల్లం కొని అమ్మే ఆ మనిషి, ఎవరో జాగీర్దారు ఇంటి నుంచి పాత విలాయతి కారు ఒకటి తెచ్చుకున్నారు. పొడుగాటి ముక్కు, ఆకుపచ్చ రంగు, పెట్రోలు ఎంతుందో చూపించాల్సిన ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. నేను దానికి డ్రైవర్ని. గొప్పకు అలా చెప్పుకుంటాను గాని, తోలింది తక్కువ, తుడిచింది ఎక్కువ.

డెబ్బైల్లో పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వాటిలో ఒకదానికి యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు, కంది అనే ఊరి దగ్గర రోడ్డు మీద మా కారును చూసి తన జీపు ఆపేశాడు. దాని చుట్టూ తిరిగాడు. కిందికి వంగి చూశాడు. కొంటానన్నాడు. షావుకారు మొదట నవ్వారు, నెల తిరగకుండా అమ్మారు. ఓడలో పంపితే ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ఆ ఇంజినీరుకు భయం. బొంబాయి దాకా మేమే చేర్చి, అక్కడి నుంచి పెద్ద విమానంలో తమ దేశానికి పంపాలన్నాడు.

మావైపు విమానాన్ని గాలిమోటరు అంటారు. మోటరు పోయి గాలిమోటరు ఎక్కుతుందంటే బజారు బజారంతా పగలబడి నవ్వింది.

"కారు గాల్ల పోతే నువ్వేం తోల్తవన్నా?" అన్నాడు చాయ్ హోటలతను.

"ఈగలు తోల్త," అన్నాను.

పైకి అలా అన్నాను గాని, నా కాళ్లు ఆ రోజుల్లో నేలమీద లేవు. షావుకారు నన్ను పిలిచి చెప్పిన మాట అలాంటిది. "బిడ్డా, దాన్ని ఇన్నేండ్లు సాకినవ్. విమానం లోపటికి మన దిక్కు నుంచి ఒక్క మనిషికే పాస్ ఇస్తరంట. ఆ పాస్ నీదే. నీ చేత్తోనే కూసోబెట్టి రా."

పొలాల మీదుగా పోయే విమానాన్ని మెడ నొప్పి పుట్టేదాకా చూడటమే తప్ప, దాని కడుపులో కాలు పెడతానని నేను కలలో కూడా అనుకోలేదు. వెలిమెలలో మా అత్తగారింటికి వెళ్లి మరీ ఈ సంగతి చెప్పి వచ్చాను. అల్లుడు ఏనాడూ ఏమీ ఎక్కలేదని బాధపడే ఇల్లు అది.

బయల్దేరే రోజు షావుకారమ్మ కారు ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆడపిల్ల అత్తగారింటికి పోతుంటే మా దగ్గర ఒడిబియ్యం పోస్తారు. ముందు సీట్లో రవికెముక్క పరిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోసి ఆమె కళ్లు తుడుచుకుంది. "ఒడి నింపకుండ ఎట్ల పంపుతం బిడ్డా?" అంది నాతో. షావుకారు అరుగు మీద నిలబడి అదంతా కన్నార్పకుండా చూశారు. ఆ చూపును నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

మా ఊరి ముందు నుంచి పోయే రోడ్డే బొంబాయి దాకా పోతుంది. నేను ముందు సీట్లో, ఆయన వెనక సీట్లో. బొంబాయిలో సరుకు విమానాల ఆఫీసులో గుమాస్తా హిందీలో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ట్యాంకులో పెట్రోలు ఉండకూడదు. సరుకును విమానంలోకి తోసే ఇనుప పళ్లెం మీదికి ఎక్కడానికి చాలినంత చుక్క ఉంటే చాలు. ఎక్కాక బ్యాటరీ తీగలు పీకాలి. ట్యాంకు నిండుగా ఉంటే విమానానికే ప్రమాదం. ఇద్దరం తలూపాం.

సాయంత్రం లాడ్జి వెనక పైపు పెట్టి, విమానాశ్రయం దాకా పోయేంత చుక్క ఉంచి, మిగతా పెట్రోలంతా డబ్బాలోకి లాగేశాను. షావుకారు పక్కనే నిలబడ్డారు. ఎవరికో రక్తం తీస్తున్నంత బాధ ఆయన ముఖంలో.

"గిట్ల ఖాళీ కడుపుతోటి పంపుడేందిరా?"

"రూల్ సేటూ."

"రూలే లే," అన్నారు.

పొద్దున నేను స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. గాలిమోటరు నన్ను చూసి సిగ్గుపడకూడదు కదా. కారు అలాగే నిలబడి ఉంది. షావుకారు అప్పటికే వెనక సీట్లో కూర్చుని జల్దీ జల్దీ అంటున్నారు.

విమానాశ్రయం షెడ్డులో ఆఫీసరు ట్యాంకు మూత తీశాడు. సన్నటి కర్ర లోపలికి దించి బయటికి తీశాడు. కర్ర మొదటి నుంచి చివరి దాకా తడిసి ఉంది.

"కిస్‌నే భరా?" ఎవడు నింపాడని అరిచాడు.

నేను నోరు తెరుచుకుని షావుకారు వైపు చూశాను. నిజంగా తెలియకే చూశాను. ఆయన చెయ్యి కారు తలుపు మీద, పెళ్లికూతురు భుజం మీద ఉన్నట్టే ఉంది. అంతా అర్థమైంది. ఒడి నింపకుండా పంపలేకపోయారు. నాకు కోపం రాలేదు, ఒట్టు. కొంచెం ముద్దు కూడా వచ్చింది. ఆయన ఒక్క మాట చెప్తే మళ్లీ పైపు పెట్టి లాగేద్దామని నిలబడ్డాను.

ఆయన చెప్పారు. నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పారు.

"హమారా డ్రైవర్, సాబ్. అన్‌పఢ్ ఆద్మీ. మాఫ్ కరో."

చదువురాని మనిషి, క్షమించండి అని. ఆఫీసరు నన్ను కిందనుంచి పైకి చూశాడు. ఇలాంటివాణ్ణి విమానం దగ్గరికి రానిచ్చేది లేదని, యజమానే రావాలని అన్నాడు. నేను మళ్లీ పెట్రోలు తీశాను. కారును పళ్లెం మీదికి ఎక్కించాను. వాళ్లు పట్టీలతో బిగించి కట్టారు. పాస్ షావుకారు చేతిలోకి పోయింది.

కంచె అవతల విమానం ముక్కు పైకెత్తి నోరు తెరిచింది. కారు దాని గొంతులోకి మెల్లగా జారిపోతుంటే, షావుకారు ధోవతి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనకే నడిచారు. ఒక్కసారైనా తిరిగి చూస్తారనుకున్నాను. లేదు.

తిరుగు రైల్లో ఆయనే ఆ మాట ఎత్తారు. "కోపమొచ్చిందా బిడ్డా? నేను పోసిన అంటే పెద్దమనిషికి బుద్ధి లేదంటరు. నువ్వంటే ఏమైతది? నీకేం పోతది?"

నాకేం పోయిందో చూసి వచ్చింది ఆయనే కదా, ఆయనకే తెలియాలి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బొంబాయిలో ఆఫీసరుకు భయపడ్డారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికి చేరగానే షావుకారమ్మ నన్ను లోపలికి పిలిచింది. "అన్ని తెల్సినోనివి, పెట్రోల్ ఎందుకు పోస్తివి? దాని పానం మీదికి తెస్తివంట కద!" కళ్లలో నీళ్లు. షావుకారు అక్కడే పీట మీద కూర్చుని పోకలు కత్తిరిస్తున్నారు. ఇక్కడ ఆఫీసరు లేడు. నేను ఆయన వైపు చూస్తూ ఎదురుచూశాను.

"ఇడిసిపెట్టు," అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. "తెల్వక జేసిండు."

"పొరపాటైందమ్మా," అన్నాను. ఆమె ముందు ఆయన్ను చిన్న చెయ్యడం నాకు చేత కాలేదు.

ఆ వారమే బీరంగూడ దగ్గర ఫ్యాక్టరీ బస్సు తోలే పనిలో చేరాను. షావుకారు కొత్త కారు కొని మనిషిని పంపారు, నేను పోలేదు. తర్వాత బజారులో ఒక మాట పుట్టింది. కొడుకులా చూసుకున్న సేటును, ఫ్యాక్టరీ జీతం చూసి దగా చేసి పోయాడని. దగా జరిగిందన్న మాట వరకు అందులో అబద్ధం లేదు.

"గంత పెద్దమనిషిని గట్లెట్ల ఇడిసి పోతివన్నా?" అన్నాడు చాయ్ హోటలతను ఒక మధ్యాహ్నం. "నీ ముచ్చట జెప్పుకుంట కండ్ల నీళ్లు వెట్టుకుండు, పాపం."

రెండో షిఫ్టు వాళ్లు బస్సు దగ్గర నిలబడి ఉన్నారు. చాయ్ సగంలో వదిలేసి వెళ్లి బస్సు స్టార్ట్ చేశాను.