అనుమతి లేని చేయి

కాజితాని సుమియెకు కుడిచేతికి రెండే వేళ్లు. బొటనవేలు, చిటికెనవేలు. మధ్యలో ఉండాల్సిన మూడూ ఆమె ముప్ఫై ఒకటో ఏట, తూర్పు ఒసాకాలో తలుపు బందులు చేసే ఒక చిన్న కార్ఖానాలో, ప్రెస్సు మిషను కింద పోయాయి. పని త్వరగా సాగాలని మిషను ముందుండే రక్షణ కమ్మీని ఊడదీయించింది మేస్త్రీ. విచారణకు వచ్చినవాళ్లు కాగితం మీద రాసింది మాత్రం ‘కార్మికురాలి అజాగ్రత్త’ అని. ఆసుపత్రి మంచం మీద ఆ కాగితం చదివి సుమియె ఏడవలేదు. ఎడమచేత్తో దాన్ని ఉండ చుట్టి, మేస్త్రీ తెచ్చిన నారింజపళ్ల బుట్టలో పడేసి, బుట్టతో సహా తీసుకుపొమ్మంది.

చేతికి కసరత్తుగా రబ్బరు బంతి నొక్కుతూ ఉండమన్నాడు డాక్టరు. వారం రోజులు నొక్కేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ఫుసె స్టేషను పక్కనున్న ఆటల హాల్లోకి వెళ్లి, కొట్లాట ఆట మిషను ముందు కూర్చుంది. ఎడమచేతికి లివరు, కుడిచేతికి ఆరు బటన్లు. బటన్లను వేళ్లతో నొక్కాలని ఎక్కడా రాసిలేదు కదా! అరచేతి అంచుతో కొట్టింది. మొదటి నెలంతా ఓడిపోయింది. జాలిపడి కావాలని ఓడిపోయినవాడు దొరికితే మాత్రం లేచి వెళ్లి వాడి కుర్చీని ఒక్క తన్ను తన్నేది. హాల్లో చిల్లర మార్చే కుర్రాడు తొగాషి, ఆమెకంటే ఏడేళ్లు చిన్నవాడు, ఆ తన్నులు చూసే ఆమెను ‘అక్కా’ అనడం మొదలుపెట్టాడు. పాతికేళ్లు దాటినా అలాగే పిలుస్తున్నాడు.

తర్వాత హాలు మూతపడింది. ఆటలన్నీ ఇళ్లలోకి, టీవీల కింది పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఆ పెట్టెతో వచ్చే కంట్రోలరు రెండు చేతులతో పట్టుకునేది. దాని పైఅంచున ఉండే బటన్లు నొక్కడానికి చూపుడువేళ్లు కావాలి. సుమియె దాన్ని ఒకసారి పట్టుకుని చూసి బల్ల మీద పెట్టేసింది. వంటింట్లో కూరలు తరిగే పెద్ద చెక్కను తీసుకుని, దానికి ఒక లివరూ, తన అరచేతి కొలతకు ఎడం ఎడంగా ఆరు పెద్ద బటన్లూ బిగించింది. లోపలి సర్క్యూట్ పలక ఎప్పటిదో పాత కంట్రోలరు నుంచి పీకింది. పాత పలక మాట కొత్త పెట్టెకు అర్థం కాదు కాబట్టి, మధ్యలో సబ్బుబిళ్లంత అడాప్టరు ఒకటి తగిలించింది. చెక్క చెప్పింది పెట్టెకు తెలిసేలా చెప్పడమే దాని పని. అంతకుమించి ఒక్క ముక్క కలపదు.

పగలు మునిసిపల్ ఈతకొలను దగ్గర టిక్కెట్లు చింపేది. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఆ చెక్కను స్నానపు తువ్వాలులో చుట్టుకుని, బజారు సంఘం మేడ మీద తొగాషి నడిపే పోటీకి వెళ్లేది. ఆటలో ఆమె ఎంచుకునేది ఎప్పుడూ ఒక్క మనిషినే: లావుపాటి, ఒంటికన్ను మల్లయోధురాలిని. ఎవరూ ఎంచుకోరు దాన్ని. నిదానం. కానీ ఒకసారి చేతికి చిక్కితే వదలదు.

ఆమెకు యాభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా, జూన్ నెల పోటీలో నుకుయి అనే కుర్రవాడు ఆమె చేతిలో మూడు ఆటలూ వరసగా ఓడిపోయాడు. ఇరవై రెండేళ్లవాడు, ఇంటర్నెట్లో పేరున్నవాడు. కుర్చీలోంచి లేవకుండానే చేయెత్తాడు.

“తొగాషి గారూ, ఆ డబ్బా ఏంటి? అది లోపల ఏదో చేస్తోంది. లేకపోతే ఈవిడ నన్ను అంత దగ్గర్లో ఎలా పట్టుకుంటుంది?”

“నువ్వు దగ్గరికొచ్చావు గనక పట్టుకున్నాను” అంది సుమియె. “దూరంగా ఉండమని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?”

నలుగురూ నవ్వారు. తొగాషి నవ్వలేదు. కొత్తగా ఒక కంపెనీ వాళ్లు డబ్బిచ్చి పోటీకి తమ పేరు పెట్టించుకున్నారు, దాంతోపాటు నియమాల కాగితం కూడా ఇచ్చారు. అతను దాన్ని మడత విప్పి రెండుసార్లు చదివాడు.

“అక్కా... అనుమతి ఉన్న పరికరాలే వాడాలని ఉంది. అడాప్టర్లకు అనుమతి లేదంట.”

“పోయిన నెల ఉందా?”

“పోయిన నెల ఈ కాగితం లేదు.”

సుమియె సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. చిటికెనవేలికీ బొటనవేలికీ మధ్య బిగించి, నాలుగు స్క్రూలూ విప్పి, అడాప్టరును బల్ల మీద తెరిచి పెట్టింది. ఆకుపచ్చ పలక, గోరంత చిప్పు, రెండు తీగలు.

“రండి. అందరూ చూడండి. మోసం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. నాకంటే మీకు వేళ్లు ఎక్కువే కదా.”

ఎవరూ కదల్లేదు. ఆమె మళ్లీ స్క్రూలు బిగించి, చెక్కను నుకుయి ఒళ్లో పెట్టింది. “ఆడు. దీంతో అంత లాభం ఉందిగా, ఒక్క పట్టు పట్టి చూపించు.”

వాడు ఆడాడు. లివరు ఒక పక్క, బటన్లు అరచెయ్యంత ఎడంలో. మల్లయోధురాలు తెర మీద అటూ ఇటూ గంతులేసింది తప్ప ఒక్క పట్టూ పట్టలేదు. చెవులు ఎర్రబడి, “ఇది మనుషులు ఆడేది కాదు” అన్నాడు.

ఆ మాట వాడు ఆలోచించి అన్నది కాదు. అయినా అందరూ విన్నారు. సుమియె తొగాషి వైపు తిరిగింది. అతనేమైనా అంటాడని చూసింది. అతను కాగితాన్ని మళ్లీ మడత పెడుతున్నాడు.

“నా చేతుల్లో ఏం లేదక్కా.”

“పది వేళ్లున్నాయిరా నీ చేతుల్లో!” అంది ఆమె. ఆ అరుపు కింద తకొయాకి ఉండలు వేయించే కొట్టువాడి దాకా వినిపించింది. “నా వేళ్లు పోయిన రోజు మేస్త్రీ కూడా ఇదే మాటన్నాడు.”

చెక్కను తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ పూట గెలిచినవాడు నుకుయి.

మూడు వారాల తర్వాత ఇంకో దెబ్బ తగిలింది. ఇంట్లో ఆట పెట్టె తనంతట తాను కొత్త సాఫ్టువేరు దించుకుంది. సుమియె చెక్క తగిలించగానే తెర మీద నాలుగు మాటలొచ్చాయి: అనుమతి లేని పరికరం కనబడింది. వారం గడిచాక అది పనిచేయదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మోసగాళ్లను ఆపడానికట. ఆట పెట్టె కంపెనీకి ఫోను చేసింది. అవతలి అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

“మీకు కలిగిన అసౌకర్యానికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాం.”

“చింత వద్దమ్మా, చెక్క పనిచేయాలి.”

“దివ్యాంగుల కోసం మా దగ్గర ప్రత్యేక కంట్రోలరు ఉందండి...”

“చూశాను. కొట్టుకెళ్లి గంట సేపు ఆడాను. మంచి వస్తువే. కానీ నా ఇరవై ఏళ్ల అలవాటు ఈ చెక్కలో ఉంది. దానికి బదులు ఏమిస్తారు?”

అదే తేనె గొంతు, మొదటి వాక్యమే మళ్లీ చెప్పింది. సుమియె ఫోను పెట్టేసి, సింకులో ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోమినవి కూడా మళ్లీ తోమింది. ఒక పింగాణీ గిన్నె పగిలింది.

కంపెనీకి ఎడమచేత్తో పదకొండు ఉత్తరాలు రాసింది. అచ్చు జవాబు ఒక్కటి వచ్చింది. అప్పుడు ఉత్తరాలు మానేసి, తన పేట సంఘం హాలును రెండో ఆదివారాలకు అడిగి తీసుకుంది. కొత్త సాఫ్టువేరు ఎక్కించని పాత పెట్టెలు రెండు సంపాదించి, వాటి ఇంటర్నెట్ తీగలు కత్తెరతో కత్తిరించేసింది. ఈతకొలను నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించింది: ‘దేనితోనైనా ఆడొచ్చు. ఎవరూ ఏమీ అడగరు.’

మొదటి ఆదివారం ముగ్గురొచ్చారు. పక్షవాతం వచ్చి పని మానేసిన టాక్సీ డ్రైవరు, చేపలు పట్టే ఆటకని చేసిన ఒంటిచేతి గాలం కంట్రోలరు తెచ్చాడు. రెండో నెల ఒక లెక్కల టీచరు, చేతులు వణుకుతాయని, కాళ్లతో తొక్కే పలకతో వచ్చింది. అడాప్టర్లన్నీ సుమియే కలిపేది, తీగ సరిగా అతకనప్పుడల్లా తిడుతూ. ఆ తిట్లు వినడానికే వస్తున్నానని టాక్సీ డ్రైవరు అనేవాడు.

నవంబరులో తొగాషి వచ్చాడు. గుమ్మంలోనే వంగి దణ్ణం పెట్టాడు.

“నియమం మార్పించానక్కా. చాలా తిరిగాను. ఇప్పుడు అడాప్టరు వాడుకోవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటి ముందుగా చూపిస్తే చాలు.”

సుమియె చేతిలో తీగలు అతికే సోల్డరింగు కడ్డీ పొగలు కక్కుతోంది.

“నుకుయి ఏం చూపిస్తున్నాడు?”

“వాడెందుకు...”

“అదే అడుగుతున్నా. పది వేళ్లున్నాయని వాడు సర్టిఫికెట్ తెస్తున్నాడా? లేనప్పుడు నాకు మూడు లేవని నేనెందుకు తేవాలి? పాతికేళ్లు చూశావు ఈ చెయ్యి. ఆ రోజు అడాప్టరు విప్పి కళ్లముందే పెట్టాను. చాల్లేదా?”

“ఇంతకంటే ఒప్పుకోలేదక్కా వాళ్లు.”

“తెలుసు. నువ్వూ ఒప్పుకున్నావు. అదీ తెలుసు.”

తొగాషి వెళ్లిపోలేదు. వెనక మడత కుర్చీలో కూర్చున్నాడు. అందరికీ బార్లీ టీ పోసిన సుమియె అతనికి పోయలేదు. కాసేపటికి అతనే లేచి పోసుకున్నాడు. సాయంత్రం కుర్చీలన్నీ మడిచి గోడకు చేర్చి వెళ్లాడు.

ఆ తర్వాత ప్రతి నెలా వస్తున్నాడు. ఆమె బజారు సంఘం మేడ ఇంతవరకూ ఎక్కలేదు. సర్టిఫికెట్ తీసుకోలేదు. తొగాషిని క్షమించారా అని లెక్కల టీచరు ఒకసారి అడిగితే, “కుర్చీలు బాగానే మడుస్తాడు” అంది సుమియె. అని, చెక్కను ఒళ్లోకి లాక్కుని, టాక్సీ డ్రైవరును ఆటకు రమ్మంది.