ఫిల్ములో కనపడిన నెత్తురు

మా సర్జన్ గారు పోయారని వార్డు బాయ్ వచ్చి చెప్పినప్పుడు నేను డ్రెస్సింగ్ గదిలో ఉన్నాను. చాలా ఏళ్లు ఆయన దగ్గర నర్సుగా పనిచేసినదాన్ని. నిద్రలోనే గుండె ఆగిందట. అదృష్టవంతుడన్నారు అందరూ. నాకు ఒళ్లు మండింది. అదృష్టం ఆయన్ని ఎప్పుడు పలకరించిందని?

కరువొస్తే మా వైపు బావులు లోతు చేస్తారు. పైకి లాగే రాళ్ల బొక్కెన ఊగి వచ్చి మనిషి కడుపుకు తగులుతుంది. పైన గీత కూడా ఉండదు, లోపల నెత్తురు కారుతుంటుంది. సార్ అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక పొట్ట మీద పెట్టి, పంట సంగతులు అడుగుతూ మొహం చూసేవారు. "కడుపు దాచిపెడతాదమ్మా, మొగం దాచలేదు" అనేవారు నాతో.

అయినా చెయ్యి ఎంతని చెబుతుంది? ఒకసారి అనుమానంతో ఒక రైతు కడుపు కోశారు. లోపల ఏ దెబ్బా లేదు. కోసిన గాయమే చీము పట్టి అతను పోయాడు. ఆ తర్వాతే బెంగుళూరులో సీటీ స్కాన్ ఉందనీ, కోయకుండానే లోపలిది చూపిస్తుందనీ విన్నారు.

అప్పుడే శింగనమల వైపు నుంచి బొక్కెన తగిలిన ఒక బావి కూలీని తెచ్చారు. బొడ్డు జరిగిందనుకుని పెళ్లాం ఆముదం రాసి పొట్టంతా పిసికిందట. నాడి నిలకడగానే ఉంది. కోయాలా, పంపాలా? సార్ వరండాలో అటూ ఇటూ తిరిగారు. "ఈసారి లోపల చూసినాకే కోయాల. బెంగుళూరుకు పంపిద్దాం" అన్నారు. జీపులో నేనూ వెళ్లాను. స్కాన్‌లో ప్లీహం చీలి, కడుపు నిండా నెత్తురు. ఆపరేషన్ బల్ల మీదికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఫిల్ము తెచ్చి సార్ చేతికిచ్చాను. కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశారు. "ఇంత తేటగా కనపడతాదా" అన్నారు.

అతని భార్య వచ్చి అడిగింది. "నేను పిసికినందుకే పోయినాడా సామీ?"

"కాదమ్మా. ఈడ కోయకుండా నేను పంపినందుకు పోయినాడు."

అందులో నిజమెంతో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమె ఇంకా బతికి కూలికి పోతోందంటే ఆ మాట వల్లే. అందుకే ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆయన మాత్రం కోలుకోలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టేవారు. తర్వాత ఆయన చేతిలో ప్రాణం దక్కినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు.

ఆ యంత్రం మా ఊరికి రాలేదు. వస్తుందన్న ఆశా నాకు లేదు. వాన లేదు, బావులు తవ్వుతూనే ఉన్నారు.

ఆ పొద్దున వార్త విని బయటికొస్తే, ఆయన గది ముందు బల్ల మీద ఒకతను పొట్ట పట్టుకుని వంగి కూర్చున్నాడు. పక్కన తల్లి.

"పెద్ద డాక్టరు ఇంకా రాలేదేందమ్మా?" అని అడిగింది. నేను ఆయన గది తలుపు వైపు చూశాను. ఆమె కొడుకు వైపు తిరిగి, "వస్తాడులే, ఓర్చుకోప్పా" అంటూ వాడి తల నిమిరింది.