పక్కకు జరిగిన గడి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే. ఇప్పుడు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పి బతుకుతున్నాను. కంప్యూటర్ తనంతట తాను ఏమీ చేయదు, మీరు చెప్పిందే చేస్తుంది అని మొదటి క్లాసులోనే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ లోపల సిగ్గేస్తుంది. దానికి కారణం ఉంది.

మాది ముంబై దగ్గర భివండిలో శాంతి నగర్. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, పెట్టుకున్న కుటుంబం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కల్యాణ్‌లో కంప్యూటర్ సైన్స్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి బొమ్మల పజిళ్లు తీసుకున్నాను. మూడు వరుసల గళ్లు, గడికో బొమ్మ, చివరి గడి ఖాళీ. మిగతావి చూసి ఆ ఖాళీలో ఏం రావాలో పట్టుకోవాలి. మనుషుల తెలివిని కొలిచే ఈ పజిళ్లనే యంత్రానికి ఇచ్చి, దానికి ఆలోచించే శక్తి ఎంత ఉందో చూస్తారు.

నా ప్రోగ్రాముకి వచ్చినవి మూడే పనులు. బొమ్మను తిప్పడం, జరపడం, అద్దంలో చూపినట్టు తిరగేయడం. వాటితోనే చాలా పజిళ్లకు సరైన జవాబు చెప్పేది. నేను నేల మీద నడవడం మానేశాను ఆ రోజుల్లో.

మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్న భార్య, మాతోనే ఉండేది. పెద్దనాన్న కొత్త డిజైన్లు కట్టడంలో దిట్ట. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, దారం పైకి తేలాల్సిన చోటల్లా ఒక చింతగింజ పెట్టేవాడు. చూసుకుని నచ్చితేనే సాంచకు ఎక్కించేవాడు. నా చిన్నప్పుడు ఒక తువ్వాలు అంచుకు కింది సగం నేసి, పై సగం గింజలతో పేర్చిన రోజునే కార్ఖానాలో గుండె ఆగి పోయాడు. ఆ గింజల్ని నేను చూడలేదు, నాన్న కూడా చూడలేదు.

నేసిన ఆ జానెడు ముక్కను పెద్దమ్మ ట్రంకు పెట్టెలో దాచుకుంది. సగంలో ఆగిన నేతను ఇంటివాళ్లు ముగించకపోతే పోయినవాళ్లకు తృప్తి ఉండదని మా ఇంట్లో నమ్మకం. దాన్ని పూర్తిచేయించి మా కులదైవం మార్కండేయ స్వామికి కప్పాలని ఆమె ఎన్నేళ్లుగానో అడుగుతోంది. పై సగం ఎలా ఉండాలో ఎవరికీ తెలియక ఆ పని అలాగే ఉండిపోయింది.

"నీ మిషిను సగం బొమ్మను నింపుతదట గద బిడ్డ. గిది నింపు" అని ఒక శుక్రవారం ఆ గుడ్డ తెచ్చి నా ఒడిలో పెట్టింది.

శుక్రవారం సాంచాలు బంద్. వీధిలో ఎవరి మాట వాళ్లకు వినబడే రోజు అదొక్కటే. నాన్న గుడ్డను వెలుతురుకు పట్టి దారం దారం చదివి చెబుతుంటే, నేను కంప్యూటర్‌లో పైకి తేలిన చోట ఒకటి, మునిగిన చోట సున్నా కొట్టాను. ప్రోగ్రాము కింది సగాన్నే తిరగేసి పైన పెడుతుందని నాకు ముందే తెలుసు. మీట నొక్కాను.

తెర మీద పై సగం వచ్చింది, దారం తేలాల్సిన చోటల్లా నల్ల గడితో. అంతా అనుకున్నట్టే ఉంది, ఒక్క నల్ల గడి తప్ప. అది తన చోట కాకుండా పక్క గడిలో ఉంది. నాన్న ముందు నా పరువు పోయినట్టనిపించింది.

"గిది గల్తీ బాపు. నా ప్రోగ్రాములనే ఏదో ఫరక్ ఉన్నది" అన్నాను, కాస్త గట్టిగానే.

పెద్దమ్మ లేచి వచ్చి ఆ గడి మీద వేలు పెట్టింది.

"గిది నా కాలు తాకి జరిగింది" అంది.

మాకు అర్థం కాలేదు. పెద్దనాన్న పోయిన రోజు పొద్దున చాయ్ తెస్తుంటే ఆమె కాలు తగిలి ఒక గింజ పక్క గడిలోకి పోయిందట. సర్దబోతే పెద్దనాన్న "ఉండనియ్" అన్నాడట, కసురుకున్నట్టు. చాయ్ తాగకుండానే కార్ఖానాకు పోయాడు. ఆ తర్వాత ఇంటికి జనం వస్తున్నారని ఎవరో గింజలు ఊడ్చేశారు. ఆయన తన మీద కోపంతోనే పోయాడని ఆమె అన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోకుండా కుమిలిపోయింది.

నేను చాలా ఆలోచించాను. టైపు చేసేటప్పుడు తప్పు కొట్టి ఉంటే అదే తప్పు కింది సగంలోనూ కనబడాలి. కింద ఏ తప్పూ లేదు. ఒక్క గడిని మాత్రమే జరిపే లైను నా ప్రోగ్రాములో ఎక్కడా లేదు. యంత్రమే చెడి ఉంటే, అన్ని గళ్లలో సరిగ్గా ఆ గడే ఎందుకు చెడాలి?

అప్పుడు పెద్దమ్మ నా భుజం పట్టుకుంది.

"నా మీద కోపం పోయిందో లేదో అడుగు బిడ్డ."

ఏమని అడగను? అది గళ్లు నింపే ప్రోగ్రాము. ఏదో ఒకటి చేయాలని మళ్లీ అదే మీట నొక్కాను. మొదటి బొమ్మ చెరిగిపోయి కొత్తది వచ్చింది. ఈసారి ఆ గడి తన చోటికి వచ్చింది.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "సర్దిండు. కోపం పోయింది" అంటూ నా తల నిమిరింది. నాన్న కళ్లు తుడుచుకుని లేచి బయటికి వెళ్లాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఆ సరైన బొమ్మే వచ్చింది. దాన్నే నాన్న నేయించాడు, పెద్దమ్మ స్వామికి కప్పించింది. మా బిడ్డ కంప్యూటర్‌తో ఆయన కబురు తెప్పించిందని గల్లీలో అందరికీ చెప్పుకుంది. వాళ్లు నన్ను గౌరవంగా చూస్తుంటే నేను తల దించుకుని పోయేదాన్ని. చనిపోయేదాకా ఆమె సంతోషంగానే ఉంది.

మొదటి బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోది ఏ లైను వల్ల వచ్చిందో మాత్రం బాగా తెలుసు, కింది సగాన్ని తిరగేసే ఆ లైను నేను రాసిందే. ఆయన క్షమించాడనుకుని పెద్దమ్మ ఏడ్చింది ఆ రెండోదాన్ని చూసి.