బోరు పైపుతో రోల్ బార్

ఆ ఏడు కూడా మేం వేసిన వేరుశనగ మట్టిలోనే మాడిపోయింది. బోరు అంతకు ముందే ఎండింది. అయినా అమ్మ పైపులు ఎత్తనివ్వలేదు. మా పావగడ వైపు నీళ్ళు రానంత మాత్రాన బోరు పోయినట్టు కాదు, పైపులు ఎత్తితేనే పోయినట్టు. శుక్రవారం శుక్రవారం అమ్మ బోరుకు కుంకుమ పెట్టి స్టార్టరు నొక్కేది. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

మా అన్నకు సేద్యం చేతకాదు, కారు నడపడం ఒక్కటే చేతనవును. బెంగళూరులో తను పనిచేసే మెకానిక్ షెడ్డు మూతపడ్డాక ఒక పాత చిన్న కారుతో ఇంటికొచ్చాడు. దాని డిక్కీ తలుపు అద్దంతో సహా పైకి లేచేది. ఊళ్ళో వాళ్ళు పెరటి వాకిలి కారని ఆటపట్టించేవారు. కార్ల ర్యాలీ పోటీలో బాగా నడిపితే డ్రైవరుగా పెట్టుకుంటానని బెంగళూరులో ఒకాయన అన్నకు మాటిచ్చాడు. కానీ రోల్ బార్ లేని కారును పోటీలోకి రానివ్వరట. కారు బోల్తా పడినా కప్పు అణగకుండా సీట్ల వెనక నిలబెట్టే ఇనుప కమాను అది. కొనే దారి లేదు. అన్న కళ్ళు బోరు మీద పడ్డాయి.

"నీళ్ళు లేని బోరులో పైపులుండి ఏం చేస్తాయిమా? ఇది తప్పితే నాకు బతుకు లేదు" అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది. అయినా పైపులు ఎత్తేటప్పుడు నేనూ తాడు పట్టాను. గట్టిగా కనబడిన రెండింటిని అన్న పావగడకు తీసుకెళ్ళాడు.

అక్కడి వెల్డింగ్ షాపాయన నాగళ్ళు అతికేవాడే తప్ప రోల్ బార్ పేరు వినలేదు. వంచేటప్పుడు పైపు నొక్కుకుపోకుండా లోపల ఇసుక దట్టించాలని, ఇసుకలో తడి ఉంటే కాల్చేటప్పుడు పేలుతుందని చెప్పాడు. "మా చేలో తడి యాడుండాదప్పా" అని అన్న నవ్వాడు. ఆ నెలలో అన్న నవ్వింది అదొక్కసారే. కమానును కారు అడుగుకు బోల్టులతో బిగించాక, లోపల ఎడ్లబండి గూడు పెట్టినట్టు కనబడింది.

అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే పైపులు తీశాక బోరు మీద మూసిన బండ జరిపి, గులకరాయి వేసి చెవి ఆనించేది.

పోటీకి ముందు కార్లను పరీక్షించే చోటికి నేనూ వెళ్ళాను. పరీక్షించే ఆయన ఇనుము మందం చూసేందుకు పైపుకు చిన్న బెజ్జం వేశాడు. తుప్పు పొలుసులు పొలుసులుగా రాలింది. లోపలంతా నీళ్ళు తినేశాయని, ఇది మనిషిని కాపాడదని చెప్పి పంపేశాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఆ నీళ్ళ మీద వచ్చింది.

ఇంటికి తిరిగొస్తుంటే మధుగిరి దాటాక వాన పట్టుకుంది. రోజుల తరబడి వదల్లేదు. ఒక పొద్దున అమ్మ వేసిన రాయి బుడుంగుమంది. నీళ్ళు బాగా అడుగున ఉన్నాయి, మిగిలిన పైపులన్నీ దించినా ఆ రెండూ లేకుండా మోటారు అంత లోతుకు అందదు.

అమ్మ తడి కాళ్ళతో కారు దగ్గరికొచ్చి, కమాను వంపు మీద చెయ్యి వేసింది.

"దీన్ని మళ్ళా సక్కగా చేయించుకొని రాప్పా" అంది.

వంచిన పైపును ఎంత సాగగొట్టినా బోరులోకి దిగదని అన్నకు తెలుసు. అయినా స్పానరు తీసుకొని, ఏడుస్తూ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.