భీమయ్య ఆట ఆపిన శనివారం

మా అబ్బాయి చదివే దుబాయ్ బడిలో బేస్‌బాల్ గ్రౌండుకి నీళ్లు కొట్టి, సున్నంతో గీతలు గీసేవాడు భీమయ్య. జగిత్యాల దగ్గర పల్లె. జీతమిచ్చేది బడి కాదు, బడికి మనుషుల్ని పంపే ఓ క్లీనింగ్ కంపెనీ. షార్జా దాటాక సజ్జాలో వాళ్ల లేబర్ క్యాంపు. వారంలో ఐదు రోజులు గ్రౌండు, శనివారం మాత్రం ఎక్కడికి తోలితే అక్కడికి పోవాలి.

నేను కాకినాడవాణ్ణి, ఇక్కడ షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. మా ఆశిష్ బడి జట్టులో చేరినప్పుడు స్కోరు రాయడానికి తల్లిదండ్రుల్లో ఎవరైనా కావాలన్నారు. అందరూ ఫోన్లలో తల దూర్చారు, నేను దొరికిపోయాను. వేణుగోపాలరావుగారు భలే ఓపికమంతుడని పొగిడి మరీ అంటగట్టారు. ఆ పుస్తకం నిండా గళ్లు, అంకెలు, గుర్తులు. ఓ సాయంత్రం పైపు చుట్టుకుంటూ భీమయ్య నా వెనక నిలబడి, "సారూ, గీ గడిల తప్పు వడ్డది" అన్నాడు. నిజంగానే తప్పు. కోపమొచ్చింది, ఆ తర్వాత కూర్చోమని పక్కకి కుర్చీ జరిపాను. రెండేళ్లలో నాకంటే బాగా రాయడం నేర్చాడు.

అతనికి అన్నిటికంటే నచ్చిన రూలు డీహెచ్ రూలు. జట్టులో తొమ్మండుగురు, అందరూ ఫీల్డింగూ చెయ్యాలి, బ్యాటూ పట్టాలి. బంతి విసిరేవాడికి బ్యాటు అంతగా చేతకాకపోతే, అతని బదులు బ్యాటు పట్టడానికి మాత్రం పదో మనిషిని పెట్టుకోవచ్చు. వాడే డీహెచ్, అంటే డిజిగ్నేటెడ్ హిట్టర్. భుజం నొప్పితో బంతి విసరలేని మా ఆశిష్‌ది అదే స్థానం. మెలిక ఒకటుంది. ఆ విసిరేవాడే, ఒక్క పరుగు తీయడానికైనా సరే, డీహెచ్ చోటులోకి దిగాడంటే ఇక ఆ ఆటలో డీహెచ్ ఉండడు. వరుసలో ఇద్దరికీ ఉన్నది ఒకటే చోటు, ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆటలో ఉండకూడదు. 2020లో ఈ రూలుని ఇంకాస్త మార్చాక కోచ్‌లకే తికమకగా ఉండేది. భీమయ్యకి మాత్రం వెంటనే ఎక్కింది.

"గిది మా క్యాంపుల బదిలీ లెక్కనే సారూ. నా కార్డు మీద వేరేటోడు డ్యూటీకి వోతడు. టిక్కు నాకే వడ్తది. గని ఇద్దరం ఒక్కకాడ కనవడ్డమంటే ఖలాస్."

నవ్వాను. క్యాంపుల్లో అందరూ అలాగే నెట్టుకొస్తారట. ఒంట్లో బాగాలేనివాడి కార్డు పట్టుకుని సెలవున్నవాడు వెళ్తాడు. కార్డు మీద ఫొటో ఎవడూ చూడడు, సూపర్వైజరు నంబరు చూసి హాజరు టిక్కు పెడతాడు. తోటివాడికి సాయం, అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించరు.

2023 మార్చిలో మా బడి ఫైనల్‌కి వచ్చింది. శనివారం పొద్దున ఆట. ఆ రోజే మా ఆఫీసులో ఆడిటు. గురువారం భీమయ్యకి ఫోన్ చేసి, "ఈసారి పుస్తకం నువ్వు చూడాలి, నాకు కుదరదు" అన్నాను. "సరే సారూ, గ్రౌండుకు అత్త" అన్నాడు. శనివారం అతనికి డ్యూటీ ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఆశిష్ ఏడుస్తూ ఫోన్ చేశాడు. ఓడిపోయారు. ఐదో ఇన్నింగ్స్‌లో ఆశిష్ బంతి కొట్టి మొదటి బేస్‌కి చేరాడట. వీడు పరుగులో నిదానం కాబట్టి, కోచ్ వీడి బదులు పరిగెత్తడానికి బంతి విసిరే కుర్రాణ్ణే పంపాడు. డీహెచ్ సంగతి అక్కడితో సరి. చివరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో ఆ మాట మరచి, విసిరేవాణ్ణి అలాగే ఉంచుకుని, ఆశిష్‌ని మళ్లీ బ్యాటింగ్‌కి దింపాడు. అంపైరూ గమనించలేదు, అవతలి జట్టూ గమనించలేదు. ఆశిష్ కొట్టిన దెబ్బకి రెండు పరుగులొచ్చాయి. తర్వాతి బంతి పడకముందే భీమయ్య కుర్చీలోంచి లేచి, పుస్తకం పట్టుకెళ్లి అంపైరుకి చూపించాడు. ఆశిష్ ఔట్. పరుగులు రద్దు. అంపైరు ఆ పేజీలోనే కారణం, టైము పదకొండూ నలభై అని రాసి, తను సంతకం పెట్టి, భీమయ్య చేతా పెట్టించాడు.

నేను వెంటనే భీమయ్యకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నిన్ను పెద్దమనిషి తీర్పులు చెప్పమన్నామా? రాయమంటే రాసి ఊరుకోలేవూ?"

"రూలు గదే గద సారూ" అన్నాడు.

అతనికి అప్పటికింకా తెలియదు. ఆ పూట భీమయ్య కార్డు మీద డ్యూటీకి వెళ్లింది గంగాప్రసాద్. క్యాంపులో పక్క మంచం, సొంత మండలం, పెళ్లై మూడేళ్లు, భార్య పేరు స్వర్ణ. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఓ గోడౌన్ వెనక మురుగు గుంట శుభ్రం చెయ్యడానికి దింపారు. లోపల గాలి ఉందో లేదో చూసినవాడు లేడు. పదకొండున్నరకి లోపలే ప్రాణం పోయింది. జేబులో దొరికిన కార్డు భీమయ్యది. క్యాంపు ఆఫీసువాళ్లు ఆ పేరే చూసి జగిత్యాలకి ఫోన్ చేశారు. భీమయ్య భార్య సమ్మవ్వ మొగుడు బతికున్నాడని తెలిసేదాకా మూడు గంటలు ఏడ్చింది. ఆ తర్వాత ఆ ఏడుపు స్వర్ణ ఇంటికి మారింది.

సూపర్వైజరు జమీర్ ఆదివారమే కాగితం తెచ్చాడు. శనివారం డ్యూటీలో ఉన్నది భీమయ్యే, సెలవులో ఉన్న గంగాప్రసాద్ స్నేహితుణ్ణి చూడ్డానికి తనంతట తానొచ్చి గుంటలో జారిపడ్డాడు, అతని జేబులో కార్డు భీమయ్య దాచుకోమని ఇచ్చిందే, అని అందులో ఉంది. "దస్తఖత్ కర్, ఖలాస్. నౌకరీ పదిలం" అన్నాడట. సంతకం పెడితే గంగాప్రసాద్ డ్యూటీలో పోయినట్టు కాదు. స్వర్ణకి చిల్లిగవ్వ రాదు, పైగా తాగి పడ్డాడన్న మాట కూడా పుడుతుంది. పెట్టకపోతే బదిలీ బయటపడుతుంది, భీమయ్య వీసా పోతుంది. రెండు రోజులు గడువడిగి, బర్ దుబాయ్‌లో మా ఇంటి కిందికొచ్చి నిలబడ్డాడు.

"పుస్తకం గావాలె సారూ. పదకొండు నలభైకి నేను గ్రౌండుల ఉన్ననని అండ్లనే ఉన్నది."

నేను మొదట అడిగిన ప్రశ్న ఇక్కడ రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది. "నన్ను సాక్ష్యానికి పిలుస్తారా?" అన్నాను.

"నీకేం గాదు సారూ. పుస్తకం జాలు."

"ఉద్యోగం పోతుంది భీమయ్యా. మళ్లీ ఈ దేశం రానివ్వరేమో. ఆలోచించుకున్నావా?"

"ఆలోచన జేసే అచ్చిన. వాడు నా పేరు మీద సచ్చిండు. గా పేరన్న వానిది వానికి ఇయ్యాలె గద."

పైకెళ్లి, ఆట రోజు ఆశిష్ బ్యాగులో ఇంటికొచ్చిన పుస్తకం తెచ్చిచ్చాను.

లేబర్ ఆఫీసులో ఆ పేజీ రాతా, అక్కడికక్కడ భీమయ్య చేత రాయించిన రాతా పక్కపక్కన పెట్టి చూశారట. అంపైరు వచ్చి సంతకం తనదేనన్నాడు. గంగాప్రసాద్ డ్యూటీలోనే చనిపోయినట్టు రాశారు. గుంటలోకి దింపినందుకు కంపెనీ మీద కేసు, కార్డు ఇచ్చినందుకు భీమయ్య వీసా రద్దు. చావు కాగితాల్లో పేరు దిద్దేసరికి నెల పట్టింది. చివరికి గంగాప్రసాద్ శవపేటిక హైదరాబాద్ వెళ్లిన విమానంలోనే భీమయ్యనీ పంపేశారు. బడిలో ఎవరూ అతని ఊసెత్తలేదు. ఓడిన కోపం కోచ్‌కి ఇంకా తగ్గలేదు.

వారం తర్వాత ఊరినుంచి ఫోన్ చేశాడు.

"స్వర్ణ ఇంటికి వోయిన సారూ. తలుపుకాడనే నిలవెట్టింది. గంత పానం మీదికచ్చే పనికి మా ఆయన్ను తోలి, గా దినం నీకేం పని వడ్డదన్నా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఆట రాయవోయిన అన్న. ఆమెకు సమజ్ గాలే. మల్ల అడిగింది. మల్ల గదే జెప్పిన. ఎవల ఆట, ఎవలు రమ్మన్నరు అన్నది."

"నా పేరు చెప్పావా?"

"లేదు సారూ. ఎవలు రమ్మనలే, నేనే వోయిన అన్న."

అమ్మయ్య అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. అవతల భీమయ్య ఇంకా లైన్లోనే ఉన్నాడు. రమ్మన్నది నేనేనని చెప్పుకోవడానికి స్వర్ణ ఫోన్ నంబరు అడగాలి, నాకు నోరు రాలేదు.