రెండో పొట్లంలో పువ్వు

ఎన్నో ఏళ్లుగా ఒక పువ్వు బరువు మోస్తున్నాను. నవ్వకండి. పువ్వుకి బరువేమిటంటారా? మోసినవాళ్లకి తెలుస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు మా ఖరిదా వీధివాళ్లు కారు కనుక మీకు చెబుతున్నాను.

మా తమ్ముడు సూరిబాబు ఈ బెంగాల్ ఊళ్లోనే రైల్వేలో ఫిట్టర్. వాడికి కుమారితో పెళ్లి ఖాయం చేసింది సాక్షాత్తూ అమ్మవారు. మా వాళ్లలో ఏదైనా పెద్ద సంగతి తేలకపోతే గుడిలో పువ్వులడుగుతారు. ఒక ఆకు పొట్లంలో ఎర్ర మందారం, ఇంకోదాంట్లో తెల్ల నందివర్ధనం కట్టి అమ్మ పాదాల దగ్గర పెడతారు. అడిగినవాడు ఒకటి తీసి విప్పుతాడు. ఎర్రదయితే సరే, తెల్లదయితే వద్దు. మిగిలిన పొట్లాన్ని విప్పకుండా నీళ్లలో వదిలేయాలి. ఆ పెళ్లికి ఎర్రదే వచ్చింది.

అయినా ఇద్దరికీ పొసగలేదు. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. వాడు మాట్లాడితే ఆమెకి తలనొప్పి, ఆమె మాట్లాడకపోతే వాడికి జ్వరం. చివరికి కుమారి నిమ్‌పురాలో పుట్టింటికి పోయి విడాకులకి వేసింది. కోర్టు వాళ్లని మధ్యవర్తి దగ్గరికి పంపింది. ఆవిడ బెంగాలీ దీదీ, మహా ఓపికమంతురాలు. ఒప్పందం రాయించింది. కుట్టుమిషను ఆమెకి, బీరువా వాడికి, ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నారని. కుమారి సంతకం చేసింది. మావాడు పెన్ను కింద పెట్టేశాడు.

"అమ్మ ఇచ్చిన సంబంధం అక్కా. అమ్మే తెంపాల. మనమెవరం?" అన్నాడు నాతో.

దీదీకి ఈ పువ్వుల సంగతి విడమరిచి చెప్పేసరికి ఆవిడ తల పట్టుకుని ఇంకో వాయిదా ఇచ్చింది. వరండాలో కుమారి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఆయన మీద నాకు కోపం నేదు. ఊపిరాడతా నేదు. నన్ను బతకనియ్యండి."

ఈ కాపురం నిలవాలా వద్దా అని మళ్లీ అమ్మనే పువ్వులడుగుతానన్నాడు సూరిబాబు. ఆ శుక్రవారం పొట్లాలు కట్టే పని ఇంటి ఆడపడుచునని నా మీదే పడింది. గోల్‌బజార్‌లో రెండు రకాల పువ్వులూ కొన్నాను, నిజం. కానీ రెండు పొట్లాల్లోనూ తెల్లవే కట్టాను.

ఎందుకు చేశాను? కుమారి కోసమేనా? లేక రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, నా చేపల పులుసు ఊడ్చుకు తిని, ఆపైన ఏడ్చి వెళ్లే తమ్ముణ్ణి వదిలించుకోవడానికా? రెండూ ఉన్నాయనుకుంటాను. అమ్మవారిని దొంగ సాక్షిని చేశాను. నన్ను నమ్మి కళ్లు మూసుకుని చెయ్యి చాచినవాడిని మోసం చేశాను. వాడికి తెల్లదే వచ్చింది. రాక ఏం చేస్తుంది! గుడి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. తర్వాతి వాయిదాకి సంతకం పెట్టాడు.

ఇక ఇప్పటి సంగతి వినండి. కుమారి మా వీధిలోనే బట్టలు కుట్టే కొట్టు పెట్టింది. నోరు విప్పని ఆ పిల్ల నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది! సూరిబాబుకి పార్వతి దొరికింది. మళ్లీ పువ్వులడుగుదామని వచ్చాడు వెధవ. నా వల్ల కాదు, నీ మనసునే అడుక్కోమని తరిమేశాను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాట ఒకరు వినరు, హాయిగా ఉన్నారు. పార్వతి పెళ్లి జాకెట్టు కుట్టిందెవరనుకున్నారు? కుమారే! చేతులు భలే అమిరాయి.

ఆ పెళ్లి భోజనాల దగ్గర మా తమ్ముడు పొంగిపోతూ, "అమ్మ మాట ఎంత నిజమో సూసినావా అక్కా? ఆ రోజు నాను రెండో పొట్లం తీసుంటే నా బతుకేటయిపోను!" అన్నాడు.

రెండోదీ తెల్లదేరా అని నాలిక చివరిదాకా వచ్చింది. వాడి నోట్లో ఇంకో రసగుల్లా కుక్కాను.

అందరూ సుఖంగా ఉన్నారు కదా అని నా తప్పు ఒప్పయిపోదు. అది తెలుసు. వాడికి చెప్పే ధైర్యం ఎప్పటికొస్తుందో తెలీదు. మీకు చెప్పేశాను, హమ్మయ్య, ఇవాళ అన్నం సయిస్తుంది.

మరి ఆ ఎర్ర మందారం ఏమైందంటారా? కొన్న పువ్వు పారేయడానికి మనసొప్పక కొప్పులో పెట్టుకున్నాను. ఆ రోజు గుడి వరసలో సూరిబాబు, ఆ పువ్వు కళ్లెదుటే ఉండగా, నా వెనకాలే నిలబడ్డాడు.