మా నాయిన రంగులేసిన సీసపు రాక్షసులు

మా చిన్నప్పుడు శంషాబాద్ పక్కనున్న సాతంరాయిలోని మా ఇంటికి ఒక బిస్కెట్ డబ్బాలో నలభై మంది రాక్షసులు వచ్చారు...

ఒక్కొక్కడు బొటనవేలంత. సీసంతో పోతపోసిన బొమ్మలు. వంకరముక్కు పిశాచాలు, బొడ్డు దాకా గడ్డాలున్న పొట్టి వీరులు, కత్తులు పట్టుకున్న అస్థిపంజరాలు. వాళ్ళను బల్ల మీద రెండు సైన్యాలుగా నిలబెట్టి, పాచికలు వేస్తూ యుద్ధం ఆడాలట. ఆ ఆట మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. నాకు మాత్రం ఆ బొమ్మలంటే పిచ్చి పట్టింది.

మా నాయినకు బెంగుళూరు రోడ్డు మీద చిన్న పెయింటింగ్ దుకాణం ఉండేది. లారీల నంబరు ప్లేట్లు, షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసేవాడు. అప్పుడు శంషాబాద్‌లో విమానాశ్రయం కడుతున్నారు. ఆ పని మీద వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు మా దుకాణంలో చిన్న చిన్న రంగు డబ్బాలు కొనేవాడు. తన చిన్ననాటి బొమ్మలకు ఆదివారాలు రంగులేసుకునేవాడట. తిరిగి వెళ్ళిపోయేటప్పుడు సామాను బరువెక్కువైందని, రంగులేయని బొమ్మలన్నీ నాకిచ్చేసి పోయాడు. ఎలా వేయాలో ఫొటోలున్న చిన్న పుస్తకం కూడా ఇచ్చాడు.

నేనప్పుడు ఆరో తరగతి. ఆ పుస్తకంలో ఉన్నట్టే కావాలి నాకు... ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు పళ్ళు, ఎర్రటి కళ్ళు. పుస్తకం తెరిచి నాయిన ముందు పెట్టి మరీ చెప్పాను.

"గింతంత బొమ్మలకు పుస్తకమేంది బిడ్డా? పొద్దుమూకే లోపట చేసిస్త" అన్నాడు.

అన్నట్టే చేశాడు... నలభై బొమ్మలూ ఒక్క పూటలో! లారీలకు వేసే రంగుతో!

చూస్తే ఏముంది... అందరూ బెల్లంపాకంలో ముంచి తీసినట్టున్నారు. ముక్కులు లేవు. గడ్డమేదో పొట్ట ఏదో తెలియదు. ఆకుపచ్చ రంగు ఏదో స్కూలు బోర్డుకు అయిపోయిందని పిశాచాలకు నీలం పూశాడు. గడ్డాల వీరులకు తెల్ల పంచెలు, ఎర్ర అంచులు!

"కండ్లేవి నాయినా?"

"కండ్లెందుకే? రోడ్డు అవతలికి పోయి చూడు, ఎంత మంచిగ కనవడ్తయో!"

బొటనవేలంత బొమ్మను రోడ్డు అవతల నుంచి చూడాలట... ఈ మనిషితో ఎలా వేగేది చెప్పండి! మళ్ళీ వేయమని పోరితే, ఉన్నదాని మీదే ఇంకో పూత పూసిచ్చాడు.

ఇంకోపక్క మా అవ్వ, నాయిన తల్లి. ఆదివారం చర్చి నుంచి రాగానే డబ్బా తెరిచి చూసింది. "ఏసయ్యా! ఇంట్ల గీ దయ్యాలేంది?" అంటూ అస్థిపంజరాలన్నీ ఏరి వెనక జొన్నచేలోకి విసిరేసింది. పిశాచాల వంతు వచ్చేలోపు డబ్బా లాక్కున్నాను. గడ్డాల వాళ్ళ జోలికి మాత్రం పోలేదు... "వీళ్ళు పెద్దమనుషుల లెక్క ఉన్నరు తియ్యి" అంది. ఇక మధ్యాహ్నమంతా ఎండలో, చేలో వెతుకులాట. ముగ్గురు దొరకనే లేదు. ఇప్పుడు వాళ్ళ మీద ఎవరి ప్లాటుందో!

ఒకరోజు నాయిన గోడలు రాయడానికి కందుకూరు వెళ్ళాడు. నా ఓపిక అయిపోయింది. దుకాణంలోంచి రంగు వదిలించే థిన్నర్ సీసా తెచ్చి, బొమ్మలన్నీ స్టీలు గిన్నెలో వేసి, పాత పళ్ళ బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టాను. సాయంత్రానికి ముక్కులన్నీ బయటపడ్డాయి... నా చేతులు మాత్రం ఎర్రగా మండిపోతున్నాయి.

నాయిన వచ్చాడు. గిన్నె చూశాడు. నా చేతులు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాశాడు.

"నచ్చలేదని ఒక్క మాట చెప్తే అయిపోవు గద బిడ్డా."

"చెప్పిన నాయినా! ముక్కులు లెవ్వు, కండ్లు లెవ్వు అని ఎన్నిసార్లు చెప్పిన! నువ్వు చూస్తెనే గద!"

గిన్నెలోంచి ఒక బొమ్మను తీసి, చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు... "దగ్గరియి నాకు కనవడ్తలేవు బిడ్డా. మీ అమ్మకు చెప్పకు. పెయింటర్‌కు కండ్లు పోయినయంటే ఇగ పని ఎవడిస్తడు?"

నా కోపం ఎటు పోయిందో... పెద్ద అక్షరాలు చేతి అలవాటుతో నెట్టుకొస్తున్నాడు. చిన్నవి అడిగినవాళ్ళకు ఏదో సాకు చెప్పి పంపేస్తున్నాడు. నెలల తరబడి ఆ భయం ఒక్కడే మోస్తున్నాడు.

చెప్పనని మాటిచ్చి, ఆ పూటే అమ్మకు చెప్పేశాను. నాయిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అమ్మ బలవంతంగా కళ్ళ దవాఖానకు తీసుకెళ్ళింది. కళ్ళు పోవడం లేదు, పాడూ లేదు... నలభై దాటితే అందరికీ వచ్చే చత్వారం! అద్దాలు పెట్టుకుంటే సరి. దీనికి ఇంత పరేషానా!

అద్దాలతో ఇంటికొచ్చి మొదట చేసిన పని... ఒక పిశాచాన్ని వెలుతురులోకి పట్టుకుని చూడటం.

"అబ్బో! దీనికి నాలుక గూడ ఉన్నదే!"

అప్పుడు మొదలైంది నా అసలు కష్టం... బొమ్మలు నావి, పుస్తకం నాది, కుంచె మాత్రం ఆయన చేతిలో! ఒక్కో బొమ్మకు మూడు వారాలు. కనుపాపకే ఒకరోజు. బయట లారీ డ్రైవర్లు నంబరు ప్లేట్ల కోసం అరుస్తుంటే, లోపల ఈయన ఊపిరి బిగబట్టి రాక్షసుడి పంటికి పసుపు పెడుతుండేవాడు. "నాకియ్యి నాయినా" అంటే, "ఆగు బిడ్డా, గీ ఒక్క గుండీ" అనేవాడు. ఆ ఒక్క గుండీ రెండేళ్ళు నడిచింది. మిగిలిన ముప్ఫై ఏడింటిలో నేను రంగేసినవి మూడంటే మూడు!

ఇప్పుడు శంషాబాద్ రోడ్డు మీద చేత్తో రాసిన అక్షరం వెతికినా దొరకదు... అన్నీ ఫ్లెక్సీలు, స్టిక్కర్లే. అలాంటి పాతకాలపు బొమ్మలు మాత్రం మళ్ళీ పోతపోస్తున్నారు, నేనూ తెప్పించుకుంటాను. నాయిన పోయి రెండేళ్ళయింది. ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికల్లా ఒక బొమ్మ పూర్తవుతుంది... ఆగమనేవాళ్ళు లేరు, లాక్కునేవాళ్ళు లేరు. ఇంత తొందరగా అయిపోవడం నాకేం బాగాలేదు.

మీ బొమ్మలు లాక్కుని మీకంటే ఎక్కువగా ఆడుకున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండేవారా...? కింద రాయండి, తిట్టుకుంటూ రాసినా సరే.